చనిపోయింది ఎద్దులా? అర్జీదారా?

ఇంగ్లీషు వాక్యం దగ్గర మన పిల్లలు ఎందుకు తడబడుతున్నారు?

మార్కాపురం: కరవులో మేత లేక ఒక రైతు ఎద్దులు రెండూ చనిపోయాయనుకోండి. నష్టపరిహారానికి అర్జీ పెట్టాలి. ఇంగ్లీషులో రాస్తే పని తొందరగా అవుతుందని ఎవరో చెప్పారు. పదో తరగతి చదివే కొడుకు కలం పట్టాడు. ‘హావింగ్ డైడ్ ఇన్ ద డ్రాట్, ఐ రిక్వెస్ట్ కాంపెన్సేషన్ ఫర్ మై టూ బుల్లక్స్’ అని రాశాడు. మాటలన్నీ మంచివే. స్పెల్లింగు తప్పు ఒక్కటీ లేదు. కానీ ఆ వాక్యానికి అర్థమేమిటి? ‘కరవులో చనిపోయి, నేను నా రెండెద్దులకు నష్టపరిహారం కోరుతున్నాను’ అని. అర్జీ పెట్టిన రైతే పోయాడు. ఎద్దులు నిక్షేపంగా ఉన్నాయి!

ఇది నవ్వుకోవడానికి అల్లిన ఉదాహరణే. అయితే ఇటువంటి వాక్యాలు యర్రగొండపాలెం నుంచి కొమరోలు దాకా ఏ ఊరి పిల్లల నోటుపుస్తకం తిరగేసినా కనిపిస్తాయి. ‘ద ప్రైస్ ఆఫ్ స్లేట్స్ హావ్ రిజెన్’ అని ఒకరు రాస్తారు. ‘వన్ ఆఫ్ మై బ్రదర్స్ ఆర్ వర్కింగ్ ఇన్ హైదరాబాద్’ అని మరొకరు రాస్తారు. తప్పు ఎక్కడుందో చెప్పకుండా ఎర్రసిరాతో సున్నా చుట్టి పుస్తకం తిరిగిచ్చేస్తే, తనకు వ్యాకరణం రాదన్న దిగులు ఒక్కటే పిల్లవాడికి మిగులుతుంది. ఆ దిగులుతో బడి మానినవారు మన ఊళ్ళలో ఉన్నారు. ఉద్యోగానికి పిలుపు వచ్చినా నాలుగు ముక్కలు ఇంగ్లీషులో చెప్పడానికి నోరు పెగలక తిరిగివచ్చినవారూ ఉన్నారు.

వ్యాకరణం రాదన్న మాట మాత్రం నిజం కాదు. ఈ విషయంలో వాళ్ళ నోట ఉన్న తెలుగు వ్యాకరణం ఇంగ్లీషుదానికంటే పెద్దది.

ఏడు తెలిసినవాడికి రెండు కష్టమా?

‘వచ్చు’ అన్న ఒక్క క్రియను తీసుకోండి. నేను వచ్చాను, నువ్వు వచ్చావు, అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, మేము వచ్చాము, మీరు వచ్చారు, అవి వచ్చాయి. మొత్తం ఏడు రూపాలు. కర్త మారితే క్రియ చివర మారాలి. బడి ముఖం చూడని పిల్లవాడు కూడా ‘మా అక్క వచ్చాడు’ అనడు. ‘ఎద్దులు వచ్చారు’ అంటే పొలంలో కూలివాళ్ళు పగలబడి నవ్వుతారు.

ఇదే క్రియకు ఇంగ్లీషులో, జరిగిపోయిన పనికి ఒక్కటే రూపం. ఐ కేమ్, యు కేమ్, హి కేమ్, షి కేమ్, దే కేమ్. రోజూ జరిగే పనికి రెండే: కమ్, కమ్స్. హి, షి, ఇట్ అన్నచోట కమ్స్, మిగతా అందరికీ కమ్. ‘బి’ అన్న క్రియది మాత్రం కాస్త పెద్ద సంసారం. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ అని కర్తను బట్టి, కాలాన్ని బట్టి అయిదు రూపాలు వస్తాయి.

మన ఏడు రూపాలను నేర్చుకోవడానికి బయటివారు ఎంత కష్టపడాలో మనకు తట్టదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. అప్పట్లో మార్కాపురం, కంభం ప్రాంతాలు కడప జిల్లాలోనివే. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి, 1970లో ఒంగోలు జిల్లాకు మారాయి, ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు వచ్చింది. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు, 1850ల్లో నిఘంటువులు తెచ్చాడు. తెలుగు నేర్చుకునే ఏ ఇంగ్లీషువాడికైనా ఒక చిక్కు తప్పదు. ‘ఆమె వచ్చింది’, ‘గేదె వచ్చింది’ రెండింటికీ క్రియ ఒకటే. కానీ పదిమంది ఆడవాళ్ళయితే ‘వచ్చారు’, పది గేదెలయితే ‘వచ్చాయి’. ఒక్కతెగా ఉన్నప్పుడు గేదె వరసలో ఉన్న మనిషి, గుంపులో చేరగానే మగవాళ్ళ వరసలోకి వస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని విభజించి చెప్పింది ఈ సంగతే. ఆ పేర్లు తెలియని మన అయిదేళ్ళ పిల్ల దీన్ని రోజుకు వందసార్లు తప్పులేకుండా వాడుతుంది.

మరి ఏడు రూపాలను అలవోకగా పలికేవాడు రెండింటి దగ్గర ఎందుకు ఆగిపోతున్నాడు?

ఒక చిన్న కారణం ‘ఎస్’ అక్షరం. ‘బాయ్స్’ అంటే చాలామంది. ‘కమ్స్’ అంటే ఒక్కడు వస్తాడు. పేరు చివర బహువచనమైన గుర్తు క్రియ చివరికి వెళ్ళేసరికి ఏకవచనం అయిపోయింది. మనకు ‘లు’ పేరుకే వస్తుంది, క్రియ జోలికి పోదు. అందుకే పిల్లవాడు బహువచనం కదా అని రెండుచోట్లా ఎస్ తగిలించి ‘ద బాయ్స్ కమ్స్’ అంటాడు. ఉన్న ఒక్క ఎస్‌ను కర్త తీసుకుంటే క్రియకు లేదు, క్రియ తీసుకుంటే కర్తకు లేదని చెప్పి చూడండి. చిల్డ్రన్, మెన్ వంటి మాటల దగ్గర ఈ ఉపాయం సరిపోదు కానీ మొదట్లో బాగా పనికొస్తుంది. ‘రాడు’ అని చెప్పేటప్పుడూ ఇంతే. ఆ ఎస్ ‘డూ’ మీదికి వెళ్ళి ‘డజ్’ అయిపోయాక ‘కమ్’ దగ్గర మళ్ళీ ఉండదు. హి డజ్ నాట్ కమ్. ‘డజ్ నాట్ కమ్స్’ అనకూడదు.

పెద్ద కారణం వేరే ఉంది.

మధ్యలో వచ్చి నిలబడే మాటలు

‘పలకల ధర పెరిగింది.’ పెరిగింది ఏది? ధర. దేని ధర అన్న వివరం ముందే అయిపోయింది, అసలు మాట చివర వచ్చి క్రియను ఆనుకుంది. ఎంత పొడిగించినా ఈ వరస మారదు. ‘మార్కాపురం గనుల్లో తీసిన నల్ల పలకల ధర పెరిగింది’ అన్నా ధర కదలలేదు. వేరే మాట ఏదైనా మధ్యలో దూరినా, దాని చివర ‘ను’, ‘కు’, ‘తో’ అన్న విభక్తి ఉండి ఇది కర్త కాదని చెబుతుంది.

ఇంగ్లీషు దీన్ని తిరగేస్తుంది. ‘ద ప్రైస్ ఆఫ్ ద బ్లాక్ స్లేట్స్ ఫ్రమ్ ద మార్కాపూర్ క్వారీస్ హాజ్ రిజెన్.’ ఇక్కడ అసలు మాట ‘ప్రైస్’ ముందే వచ్చేసింది. వివరాలన్నీ దాని వెనక వరస కట్టాయి. క్రియ వచ్చేసరికి దాని పక్కన ప్రైస్ లేదు, క్వారీస్ ఉంది. తెలుగు అలవాటున్న పిల్లవాడు పక్కనున్న మాటను చూసి ‘హావ్’ అని రాస్తాడు. ఇది సోమరితనం వల్ల వచ్చిన తప్పు కాదు. తన భాషలో పనికొచ్చిన కొండగుర్తును నమ్మి చేసిన తప్పు. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్ళు కూడా పొడుగు వాక్యాల్లో ఈ గుంటలో పడుతుంటారు.

దీనికి మందు మన ఊళ్ళోనే ఉంది. అదే పలక. ఒకప్పుడు దేశంలో ఎన్నో ప్రాంతాల పిల్లలు అక్షరాలు దిద్దింది మార్కాపురం పలకల మీదే. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతి పొరలకు కంభం పేరే పెట్టారు. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక బడిపలకకు గిరాకీ తగ్గింది. మన రాయి ఇప్పుడు ఎక్కువగా గోడలకు, నేలలకు అలంకారంగా వెళ్తోంది. కానీ ఈ పాఠానికి నోటుపుస్తకం కంటే పలకే మంచిది. ఎందుకంటే దాని మీద వేలితో చెరపవచ్చు.

పిల్లవాడి చేత పలక మీద ‘ద ప్రైస్ ఆఫ్ స్లేట్స్’ అని రాయించి, పక్కన కాస్త ఖాళీ వదిలించి ‘రిజెన్’ అని రాయించండి. ఇప్పుడు ‘ఆఫ్ స్లేట్స్’ అన్నదాన్ని వేలితో చెరిపేయమనండి. మిగిలింది ‘ద ప్రైస్ ... రిజెన్’. ఖాళీలో హాజ్ పెట్టాలా, హావ్ పెట్టాలా? ఎవరూ చెప్పనక్కరలేదు. హాజ్ రాశాక చెరిపినదాన్ని మళ్ళీ రాయిస్తే సరి. ‘వన్ ఆఫ్ మై బ్రదర్స్’ దగ్గర ‘ఆఫ్ మై బ్రదర్స్’ చెరిపితే మిగిలేది ‘వన్’. ఒక్కడే కాబట్టి ‘ఈజ్’. ఆఫ్, ఫ్రమ్, ఇన్, విత్ అన్న మాటతో మొదలై కర్తకూ క్రియకూ మధ్య నిలబడిన ముక్క ఏదైనా ముందు చెరిపి చూడాలి. ‘ఎ లాట్ ఆఫ్’, ‘సమ్ ఆఫ్’ వంటి కొన్నింటి దగ్గర మాత్రం వెనకనున్న మాటనూ చూడాలి. అది తరవాతి పాఠం.

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు కూడా ఇందులో సాయపడవచ్చు. పిల్లవాడు ఇంగ్లీషు వాక్యం చదివితే దాన్ని తెలుగులో చెప్పమనండి. ‘పలకల ధర పెరిగింది’ అంటాడు. ‘పెరిగింది ఏదిరా?’ అని అడగండి. ‘ధర’ అంటాడు. ఆ ధర ఒకటా, రెండా? ఒకటి. తెలుగులో ఆ ముక్కకు చివరనున్న మాటే ఇంగ్లీషులో మొదటనున్న కర్త. ‘మా అన్నదమ్ముల్లో ఒకడు హైదరాబాదులో పనిచేస్తున్నాడు’ అన్నా, ‘ప్రతి పిల్లవాడూ వచ్చాడు’ అన్నా తెలుగు క్రియ ఒక్కడినే చూపిస్తుంది. ఇంగ్లీషూ అంతే. ఎండాకాలం సాయంత్రం అరుగు మీద కూర్చుని చేయించదగిన పని ఇది. దీనికి ట్యూషను ఫీజు అక్కరలేదు.

తెలుగు తూకం చెల్లనిచోట్లు

అన్నిచోట్లా మాత్రం ఈ తూకం చెల్లదు. చెల్లనివి కొన్నే కాబట్టి ముందే తెలుసుకుంటే మంచిది.

మొదటిది నీళ్ళు. పశ్చిమ ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట అదే కదా. ‘నీళ్ళు వచ్చాయి’, ‘వెలిగొండ నీళ్ళు వస్తాయి’, ‘ట్యాంకరులో నీళ్ళు లేవు’. తెలుగులో నీళ్ళు ఎప్పుడూ బహువచనమే. పాలూ అంతే, ‘పాలు విరిగాయి’ అంటాం. ఇంగ్లీషులో వాటర్, మిల్క్ రెండూ ఏకవచనాలు. అందుకే ‘వాటర్ ఆర్ నాట్ కమింగ్’ అని రాసిన పిల్లవాడిని కసరకండి. అతడు తెలుగును తప్పులేకుండా ఇంగ్లీషులో పెట్టాడు. ‘వాటర్ ఈజ్ నాట్ కమింగ్’ అని ఒక్కసారి చెబితే చాలు. పత్రికలవాళ్ళం కాబట్టి మరో మాట కూడా చెప్పుకోవాలి. ‘వార్తలు వచ్చాయి’ అని మనం అంటాం కానీ, ఇంగ్లీషులో ‘న్యూస్’కు చివర ఎస్ ఉన్నా అది ఏకవచనమే.

దీనికి తిరగబడిన సంగతి కత్తెర. మనకు కత్తెర ఒకటి, కళ్ళజోడు ఒకటి. ఇంగ్లీషులో సిజర్స్, స్పెక్టకిల్స్ బహువచనాలు. ‘మై స్పెక్టకిల్స్ ఆర్ బ్రోకెన్’ అనాలి.

రెండోది మర్యాద. ‘హెడ్మాస్టరుగారు వచ్చారు’, ‘నాన్నగారు పొలానికి వెళ్ళారు’ అంటాం. పెద్దవారు ఒక్కరే అయినా క్రియ బహువచనంలో ఉంటుంది. ఈ మర్యాద ఒంటబట్టిన పిల్లవాడు ‘అవర్ హెడ్మాస్టర్ ఆర్ ఎ గుడ్ మ్యాన్’ అని రాస్తాడు. ఇంగ్లీషు క్రియకు ఈ మర్యాద తెలియదు. రాష్ట్రపతి అయినా ‘ఈజ్’, గేటు దగ్గర బంట్రోతు అయినా ‘ఈజ్’. ఒక విధంగా చూస్తే అదీ బాగానే ఉంది.

‘అందరూ వచ్చారు’ అన్నచోట కూడా జాగ్రత్త అవసరం. ఎవ్రీబడీ అన్న మాటకు ఇంగ్లీషులో ఏకవచన క్రియ వస్తుంది. ‘ఎవ్రీబడీ హాజ్ కమ్’. వచ్చిన మనుషుల్ని ఒక్కొక్కరుగా లెక్కపెట్టినట్లు అనుకుంటే గుర్తుంటుంది.

కొమ్ము విరిగిన వ్యాపారి

కర్త, క్రియ కుదిరినంత మాత్రాన గండం గడిచినట్లు కాదు. వివరం ఎక్కడ పెట్టాలన్నది కూడా చూసుకోవాలి. ‘ద ఫార్మర్ సోల్డ్ ద బఫెలో టు ద ట్రేడర్ విత్ ఎ బ్రోకెన్ హార్న్.’ రైతు కొమ్ము విరిగిన గేదెను వ్యాపారికి అమ్మాడని చెప్పబోయారు. కానీ ‘విత్ ఎ బ్రోకెన్ హార్న్’ అన్న ముక్క వ్యాపారి పక్కన చేరింది. కొమ్ము విరిగింది వ్యాపారికి! దాన్ని తీసి బఫెలో వెనక పెడితే చాలు. ఇంగ్లీషులో వివరం తన మాటను ఆనుకుని ఉండాలి. కాస్త దూరం జరిగితే మరొకరి సొత్తవుతుంది.

తెలుగులోనూ ఈ ప్రమాదం లేకపోలేదు. ‘పాత పలకల వ్యాపారి’ అంటే పాతవి పలకలా, వ్యాపారా? ‘కొమ్ము విరిగిన రైతు గేదె’ అంటే రైతుకే కొమ్ము మొలుస్తుంది. తేడా ఒక్కటే. మన వివరం ముందు నిలబడి తరవాతి మాటను పట్టుకుంటుంది. ఇంగ్లీషులో ఇలాంటి పొడుగు వివరం వెనక నిలబడి ముందు మాటను పట్టుకుంటుంది. ‘కంభం చెరువు కింద వరి వేసిన రైతులు’ అన్నచోట రైతులు చివర. ‘ద ఫార్మర్స్ హూ గ్రో ప్యాడీ అండర్ ద కంభం ట్యాంక్’ అన్నచోట రైతులు మొదట. పైన ధర సంగతిలో చూసిందీ ఇదే. క్రియ కుదరకపోవడానికీ, వివరం చోటు తప్పడానికీ వేరు ఒక్కటే.

‘ఓన్లీ’ అన్న చిన్న మాటను చూడండి. ‘గిద్దలూరు బస్సు మాత్రమే ఆదివారం ఆగుతుంది’ అంటే ఆ రోజు మరే బస్సూ ఆగదు. ‘గిద్దలూరు బస్సు ఆదివారం మాత్రమే ఆగుతుంది’ అంటే సోమవారం నిలబడితే లాభం లేదు. మన ‘మాత్రమే’ తన మాట వెనక అంటుకుంటుంది. ఇంగ్లీషు ‘ఓన్లీ’ తన మాటకు ముందు రావాలి. ‘ఓన్లీ ద గిద్దలూర్ బస్’ ఒకటి, ‘ఓన్లీ ఆన్ సండే’ ఒకటి. తెలుగు అలవాటు కొద్దీ మనవాళ్ళు ‘సండే ఓన్లీ’ అంటారు. మాటల్లో అది చెల్లిపోతుంది కానీ రాతలో ముందు పెట్టడం మంచిది.

ఒక్క ‘న’ తేడా

ఇక ఎద్దుల అర్జీకి వద్దాం. ఆ పిల్లవాడు తెలుగులో రాసి ఉంటే ‘కరవులో చనిపోయిన నా రెండెద్దులకు’ అని రాసేవాడు. ‘చనిపోయిన’ అన్నది ఎద్దులను పట్టుకుని ఉంది. ఇంగ్లీషులో అతడు రాసిన ‘హావింగ్ డైడ్’కు అర్థం ‘చనిపోయి’. ‘చనిపోయి’, ‘చనిపోయిన’ మాటలకు ఒక్క ‘న’ తేడా. ‘తిని వచ్చాడు’ అంటే తిన్నదీ వచ్చిందీ ఒకడే. మన బడి వ్యాకరణంలో దీన్ని క్త్వార్థకం అంటారు. ‘చనిపోయి కోరుతున్నాను’ అంటే చనిపోయిందీ కోరుతున్నదీ ఒక్కరే అవుతారు. ‘హావింగ్’తో మొదలయ్యే ఇంగ్లీషు ముక్కకూ ఇదే కట్టుబాటు. కామా తరవాత వచ్చే కర్త ఎవరో, ముందు పని చేసిందీ వారే కావాలి.

‘వాకింగ్ ఆన్ ద రోడ్, ఎ బస్ హిట్ హిమ్’ అన్నదీ ఇలాంటిదే. ‘రోడ్డు మీద నడుస్తూ బస్సు అతన్ని గుద్దింది’ అన్నట్లయింది. నడిచింది బస్సు. దీనికి తెలుగులో మంచి ఏర్పాటు ఉంది. చేసేవాడు ఒకడే అయితే ‘నడుస్తూ’, వేరయితే ‘నడుస్తుండగా’. ‘అతడు నడుస్తుండగా బస్సు గుద్దింది’ అంటే గొడవ లేదు. ఇంగ్లీషులో ఈ రెండోదానికి ‘వైల్ హి వాజ్ వాకింగ్’ అని కర్తను బయటపెట్టి చెప్పాలి. కాబట్టి పిల్లలు గుర్తుంచుకోవలసింది ఇంతే: తెలుగులో ‘తూ’ వస్తే ‘వాకింగ్’, ‘తుండగా’ వస్తే ‘వైల్’. ఇక్కడా ఒక మెలిక ఉంది. ‘వాన పడి చెరువు నిండింది’ అని తెలుగు ఒప్పుకుంటుంది. పడింది వాన, నిండింది చెరువు, కర్తలు వేరు. దాన్ని ఉన్నదున్నట్లు ఇంగ్లీషులో పెట్టకూడదు. వాన వేరుగా, చెరువు వేరుగా చెప్పి మధ్యలో ‘అండ్’ పెట్టాలి.

పుస్తకం సంచీలోనే ఉంది

ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ వాదం మంచిచెడ్డలు ఎలా ఉన్నా, 2020-21 విద్యాసంవత్సరం నుంచి మన పిల్లల చేతికి ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. చాలామంది తమకు కావలసిన భాష పేజీ చదివి రెండోదాన్ని వదిలేస్తారు. అది పెద్ద నష్టం. సైన్సు పాఠంలో ఒక్క వాక్యాన్ని రెండు పేజీల్లోనూ పక్కపక్కన పెట్టుకుని, తెలుగులో చివరనున్న మాట ఇంగ్లీషులో ఎక్కడ తేలిందో రోజుకు మూడు వాక్యాల్లో చూస్తే చాలు. వరస తిరగబడడం కళ్ళకు కనిపిస్తుంది. ఇంట్లో పాత పలక ఉంటే కిందికి దించండి.

ఎద్దుల అర్జీ సరిచేస్తే ఇలా ఉంటుంది. ‘ఐ రిక్వెస్ట్ కాంపెన్సేషన్ ఫర్ మై టూ బుల్లక్స్, విచ్ డైడ్ ఇన్ ద డ్రాట్.’ బుల్లక్స్ వెనకే ‘విచ్ డైడ్’ వచ్చింది కనుక రైతు బతికి ఉన్నాడు. అసలు ఆ అర్జీని ఇంగ్లీషులో రాయవలసిన పనే లేదు. తెలుగు 1966 చట్టం ప్రకారమే రాష్ట్రానికి అధికార భాష. తహశీల్దారు కార్యాలయంలో తెలుగు అర్జీ నిక్షేపంగా చెల్లుతుంది. ఎద్దులు ఎప్పుడు, ఎలా చనిపోయాయో పశువైద్యుడి చేత రాయించిన కాగితం మాత్రం జతచేయడం మరవకండి.